కప్పులో కేకు: లేని భయం, ఉన్న ప్రమాదం

పిల్లలూ! మన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. నేటికీ క్రిస్మస్ వస్తే ఊళ్లో జనంతోపాటు కేకుల సందడీ పెరుగుతుంది. మైక్రోవేవ్ పొయ్యి ఉన్న ఇళ్లలో కొందరు కప్పులోనే చాక్లెట్ కేకు చేస్తారు. "ఆ కిరణాలు తిండిలో ఉండిపోతాయి, క్యాన్సరు వస్తుంది" అని దాన్ని ముట్టనివారూ ఉన్నారు. జాగ్రత్త మంచిదే. కాని వారు ఒకదానికి భయపడుతున్నారు, ప్రమాదం మరొకచోట ఉంది. ఇదీ నా అభిప్రాయం.

ముందు కేకు సంగతి చూద్దాం. పెద్ద పింగాణీ కప్పులో నాలుగు పెద్ద చెంచాల మైదా, మూడు చక్కెర, రెండు కోకో పొడి, పావు చిన్న చెంచా బేకింగ్ పౌడరు వేయండి. నాలుగు పెద్ద చెంచాల పాలు, రెండు నూనె పోసి ఉండలు లేకుండా కలపండి. పిండి సగం కప్పుకు మించరాదు. సుమారు ఒకటిన్నర నిమిషం చాలు. ఎక్కువసేపు ఉంచితే నీరంతా పోయి కేకు గట్టిపడుతుంది.

లోపల ఏం జరిగింది? ఈ పొయ్యిలోని తరంగాల పౌనఃపున్యం 2450 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 245 కోట్ల కంపనాలు. నీటి అణువుకు ఒకవైపు ధనావేశం, మరోవైపు రుణావేశం ఉంటాయి. తరంగంతోపాటు అటూ ఇటూ తిరగబోయి ఆ అణువులు పక్కవాటిని కుదుపుతాయి. ఆ కుదుపే వేడి. వేడికి బేకింగ్ పౌడరు నుంచి కార్బన్ డై ఆక్సైడ్, నీటి నుంచి ఆవిరి పుట్టి పిండిని పొంగిస్తాయి. తడి ఉన్నంతవరకు వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. అందుకే బేకరీ కేకుకు ఉండే ఎర్రని పైపొర దీనికి రాదు.

మరి కిరణాల మాటేమిటి? రేడియో తరంగాలు, మైక్రోవేవ్‌లు, కాంతి, ఎక్స్ కిరణాలు అన్నీ విద్యుదయస్కాంత తరంగాలే. ఒకే కుటుంబమైనా బలం వేరు. ఎక్స్ కిరణాలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగలవు. మైక్రోవేవ్‌లకు ఆ శక్తి లేదు. దీపం ఆర్పాక వెలుతురు అన్నం గిన్నెలో మిగులుతుందా? పొయ్యి ఆగాక ఈ తరంగాలూ అంతే. వాటి తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. తలుపులోని లోహపు జల్లెడ రంధ్రాలు చాలా చిన్నవి కనుక అవి బయటికి రావు. కాంతి వస్తుంది, లోపలి కేకు కనబడుతుంది.

నిజమైన ప్రమాదాలు వేరే ఉన్నాయి. స్టీలు గ్లాసు పెడితే నిప్పురవ్వలు లేవవచ్చు. గట్టిగా మూత బిగించిన డబ్బా, పెంకుతో ఉన్న గుడ్డు పేలవచ్చు. తలుపు సరిగా మూతపడని పొయ్యిని వాడరాదు. కప్పును వట్టి చేత్తో పట్టుకుంటే చేయి కాలుతుంది. పెద్దలు దగ్గర లేకుండా ఇది చేయవద్దు. కిరణాలంటే వణికేవారే ఈ చిన్న జాగ్రత్తలు మరచిపోవడం విచిత్రం కాదూ?

1945లో అమెరికాలో రాడార్ పరికరాలపై పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ జేబులోని మిఠాయి కరిగిపోయిందని చెబుతారు. అతడు బెదరలేదు, ఎందుకు కరిగిందని అడిగాడు. ఆ ప్రశ్న నుంచే ఈ పొయ్యి పుట్టింది.

మీ ఇంట్లో ఈ పొయ్యి లేకపోతే చిన్నబోకండి. అమ్మతోనో నాన్నతోనో కలిసి కుక్కరులో కేకు చేసి, అందులో వేడి ఎటునుంచి ఎటు పోతుందో ఆలోచించండి. ఎవరైనా "కిరణాలు" అని భయపెడితే "ఏ కిరణాలు? ఎంత శక్తి?" అని మర్యాదగా అడగండి. మార్కులకన్నా ఆ అలవాటే మీకు ఎక్కువ కాలం పనికివస్తుంది.