స్టార్‌బోర్డు అంటే ఏమిటమ్మా?

మొన్న ఒక ఆదివారం హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక అన్యాయం జరిగింది. జరిగింది నాకు కాదు, పన్నెండేళ్ళ పిల్లకు. ఆ పిల్ల దాన్ని మరునాటికి మరచిపోయిందట. నేను మరచిపోలేకపోతున్నాను కనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. కొందరికి కష్టం కలిగితే కలగనివ్వండి.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ నగరంలో కారు నడుపుకొంటూ బ్రతుకుతున్నాడు. వాడి కూతురు సరస్సు ఒడ్డున ఒకానొక క్లబ్బులో తెరచాప పడవ నడపడం నేర్చుకొంటున్నది. "మాష్టారూ, ఒక్కసారి వచ్చి చూడండి" అని వాడు నెల రోజులుగా పోరుతుంటే వెళ్ళాను. వెళ్ళేముందు నా మనస్సులోనూ ఒక దురభిప్రాయం ఉన్నమాట నిజం. సెయిలింగు అనేది కలవారి కాలక్షేపం, మనకెందుకీ గొడవ అనుకొన్నాను. అక్కడికి వెళ్ళి గంటసేపు కూర్చున్నాక ఆ అభిప్రాయం చాలావరకు కరిగిపోయింది.

ఆ పిల్లలు నడిపే పడవను ఆప్టిమిస్ట్ అంటారు. అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన 1947లో పిల్లల కోసమే రూపొందించాడు. రెండు మీటర్ల పైచిలుకు పొడవు, 35 కిలోల బరువు. చూడడానికి నీళ్ళతొట్టికి చాప కట్టినట్టుంటుంది. ఒక్క పిల్ల దాన్ని నడపగలదు గాని ఒక్క పిల్ల దాన్ని మోయలేదు. అందుచేత ఒకరి పడవను నలుగురు పట్టి నీళ్ళలోకి దింపుతారు, మళ్ళీ నలుగురూ కలిసి ఒడ్డుకు చేరుస్తారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల తాళ్ళు సరిచూస్తారు. ఎవరో ఒక తల్లి డబ్బానిండా ఇడ్లీలు తెస్తుంది, అవి ఎవరివో ఎవరూ అడగరు. జీతం బత్తెం లేకుండా తమ ఆదివారాన్ని ధారపోసే పెద్దలు కొందరు జెండాలు పట్టుకొని, కాగితాలు పట్టుకొని, ఆపదకు అడ్డుపడే మోటారు పడవలో కూర్చుని ఉంటారు. ఇదంతా చూస్తుంటే నాకు మా ఊరి పాఠశాల వార్షికోత్సవం జ్ఞాపకం వచ్చింది.

ఇక పందెం సంగతి. బయలుదేరడానికి ఐదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాల ముందు మరొకటి. నిమిషం మిగిలి ఉండగా ఆ రెండవది దిగుతుంది, సమయానికి మొదటిది దిగుతుంది. ఆ లోపల గీత దాటినవాడు వెనక్కు వచ్చి మళ్ళీ బయలుదేరవలసిందే. నన్ను ముగ్ధుణ్ణి చేసినది మాత్రం వేరొకటి. ఈ ఆటలో మామూలుగా ప్రతి పడవ వెంటా ఈల పట్టుకొని తిరిగే తీర్పరి ఉండడు. తప్పు చేసినవాడు తానే ఒప్పుకొని, పడవను రెండు చుట్లు గిరగిర తిప్పి, తన శిక్ష తానే అనుభవించి ముందుకు సాగాలి. పర్యవేక్షకుడు లేని పరీక్షగదిలో కాపీ కొట్టని విద్యార్థులను ఊహించుకోండి! ముప్పై మూడేళ్ళు బడిలో ఉండి నేను చూడని దృశ్యం అది. తప్పు ఎవరిదో తేలకపోతే "ప్రొటెస్ట్" అని అప్పటికప్పుడు కేకవేయాలి. ఒడ్డుకు వచ్చాక ఫిర్యాదు వ్రాసి ఇవ్వాలి. అప్పుడు విచారణ జరుగుతుంది. ఇరువురి మాటా విని పెద్దలు తీర్పు చెబుతారు.

ఆ రోజు మా పిల్ల పడవకూ మరొక అబ్బాయి పడవకూ అడ్డం వచ్చింది. పిల్ల "స్టార్‌బోర్డ్!" అని అరిచింది. అబ్బాయి తప్పుకోలేదు. ఢీకొనకుండా పిల్లే చుక్కాని తిప్పింది, వెనుకబడింది. "ప్రొటెస్ట్" అని అరిచింది కూడా. ఫిర్యాదు కాగితం ఎవరో సాయంపట్టి ఇంగ్లీషులో వ్రాయించారు. విచారణ వసారాలో జరిగింది. నేను అవతల బల్లమీద కూర్చుని ఉన్నాను, మాటలు వినబడుతూనే ఉన్నాయి. పెద్దలు ఇంగ్లీషులో ప్రశ్నలు అడిగారు. అబ్బాయి గడగడ సమాధానం చెప్పాడు. వాడు అబద్ధమాడాడని నేననను. తనకు కనబడినది తనకు వచ్చిన భాషలో చెప్పాడు. మా పిల్ల మాత్రం తల వంచుకొని నిలబడింది. రెండుసార్లు "యస్ సార్" అన్నది, ఒకసారి "నో సార్" అన్నది. ఏ ప్రశ్నకు ఏది అన్నదో దానికే తెలియదు. ఫిర్యాదు కొట్టివేశారు.

బయటికి వచ్చాక దగ్గరకు పిలిచి, "స్టార్‌బోర్డు అంటే ఏమిటమ్మా?" అని అడిగాను.

"అది అరవాలి తాతయ్యగారూ! అరిస్తే అవతలివాళ్ళు తప్పుకోవాలి" అన్నది.

ఆ పిల్లకు అది మంత్రం. అర్థం తెలియదు, ఫలం మాత్రం తెలుసు. సరే, "ఆ పదం సంగతి వదిలిపెట్టు, నీళ్ళమీద ఏం జరిగిందో మన మాటల్లో చెప్పు" అన్నాను. చెప్పులు రెండూ విడిచి సిమెంటు గచ్చుమీద పెట్టింది. "ఇది నా పడవ, అది వాడిది. గాలి ఆ చెట్టువైపు నుంచి వస్తోంది. నాకు కుడిపక్క తగులుతోంది, వాడికి ఎడమపక్క. కాబట్టి వాడే తప్పుకోవాలి. తప్పుకోకపోతే గుద్దుకుంటామని నేనే తిప్పేశాను. నేను దారి మార్చింది అందుకే" అని అర నిమిషంలో చెప్పింది. చెప్పులు జరిపి మరీ చూపించింది. సాక్ష్యం అంటే అదీ! ఏ న్యాయస్థానంలోనైనా నిలిచే సాక్ష్యం.

నేను ఉండబట్టలేక వసారాలోకి వెళ్ళి, "అయ్యా, ఈ పిల్ల మాట తెలుగులో ఒక్కసారి వినకూడదా?" అని అడిగాను. అక్కడున్న ఒక పెద్దమనిషి, తెలుగువారే, చిరునవ్వు నవ్వి, "మాష్టారూ, ఇది తెలుగు క్లాసు కాదండీ" అన్నారు.

ఆయన కోపంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చెప్పినంత సహజంగా అన్నారు. అదే నా బాధ. ఆయనను నిందించడానికి నేనీ వ్యాసం వ్రాయడంలేదు. ఆ మాట అంత సహజంగా వెలువడే స్థితికి మనం ఎలా వచ్చామో అడుగుతున్నాను.

వారి పక్షాన చెప్పదగిన వాదాలు మూడున్నాయి. ఒక్కొక్కటే చూద్దాము.

మొదటి వాదం: ఈ ఆటకు తెలుగులో మాటలు లేవు. ఎవరన్నారు? తెరచాప ఎవరిది? చుక్కాని ఎవరిది? తెప్ప, తెడ్డు, గెడ, కొయ్య, ఎదురుగాలి, గాలివాటం — ఇవన్నీ ఏ నిఘంటువులోంచి ఊడిపడ్డాయి? గాలివాటం అన్నమాటను ఇవాళ దిక్కూ మొక్కూ లేని బ్రతుక్కు వాడుతున్నాం గాని, అది గాలి పోయే దిక్కుకు సాగే పడవవాడి మాట. నాయకులను కర్ణధారులని పొగుడుతాం. కర్ణమంటే చుక్కాని అని పొగిడేవారికీ తెలియదు, పొగిడించుకొనేవారికీ తెలియదు. శాతవాహనుల సీసపు నాణేలమీద రెండు కొయ్యల ఓడ ఉన్నది. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో 1244-45లో అభయశాసనం వేయించి, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులవలె తాను కాజేయనని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొంటానని వర్తకులకు మాట ఇచ్చాడు. ఓడ పగిలినవాడికి న్యాయం చేయాలన్న బుద్ధి ఈ నేలకు క్రొత్త కాదు.

లేని మాటలు లేకపోలేదు. వాటిని తెచ్చుకొందాము. లంగరు పారసీకం నుండి వచ్చింది, సరంగు కూడా అటునుండే వచ్చింది. వచ్చి మనవైపోయాయి. అలాగే జిబ్బు, బూము అనండి, తప్పేమున్నది? దయచేసి నావంటి పండితుణ్ణి పిలిచి "వాయుప్రేరిత జలయాన క్రీడ" వంటి బ్రహ్మరాక్షసిని మాత్రం సృష్టించమనకండి. ఆ పాపం మేము ఇప్పటికే చాలినంత చేశాము. నావ, తరణి, పోతం, ద్రోణి అని పర్యాయపదాలు వల్లెవేయించాను గాని, చుక్కాని ఎడమకు తోస్తే పడవ ఎటు తిరుగుతుందో ఒక్క విద్యార్థినీ అడగలేదు. ఆ ప్రశ్నకు సమాధానం కుడికి అని ఆ పిల్లే నాకు నేర్పింది.

రెండవ వాదం: పిల్లలు రేపు దేశాలు తిరిగి పోటీ చేయాలి, ఇంగ్లీషు రాకపోతే ఎలా? ఇది గట్టి వాదమే, ఒప్పుకొంటాను. నీటిమీద కేక క్లుప్తంగా, అందరికీ ఒకటిగా ఉండాలి. "స్టార్‌బోర్డ్" అనే అరవండి. అయితే అర్థం తెలిసి అరవండి! పూర్వం చుక్కాని తెడ్డును పడవ కుడిపక్కన కట్టేవారు గనుక ఇంగ్లీషువారు ఆ పక్కను చుక్కాని పక్క అన్నారు, అదే అరిగి స్టార్‌బోర్డ్ అయింది. నక్షత్రమూ లేదు, నల్లబల్లా లేదు. వారి పడవవాడు తన ఇంటిమాటతో కట్టుకొన్న పదం అది. మనం పదాన్ని తెచ్చుకొన్నాం గాని ఇంటిమాటతో ఆలోచించే ధైర్యాన్ని తెచ్చుకోలేదు. పందేల నియమాలను ఫ్రెంచివారు ఫ్రెంచిలో, ఇటలీవారు ఇటాలియనులో చదువుకొంటున్నారు. వారి పిల్లలు పతకాలకు దూరమైనారా?

మూడవ వాదం ఎవరూ పైకి అనరు, అందరి మనస్సులోనూ ఉంటుంది: ఈ ఆట ఆడేవారికి ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది, రానివారు ఈ ఆటకు ఎలాగూ రారు. దీనికి సమాధానం నేను చెప్పనక్కరలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బాలికల ఐఎల్‌సీఏ-4 విభాగంలో రజతం గెలిచిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లోని దేవాస్ ప్రాంతపు రైతుబిడ్డ. భోపాల్ చెరువులో నేర్చుకొన్నది. మన హుస్సేన్‌సాగర్‌లోనే 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలను చేరదీసి పోటీలకు తయారుచేస్తున్నది. అంటే తలుపు తెరుచుకొన్నది. నేనడిగేది గడప సంగతి. తలుపు తెరిచి గడప నడుము ఎత్తున కడితే చిన్నపిల్లలు ఎలా దాటుతారు?

ఇంత చెప్పడానికి కారణం ఈ ఆటమీద ద్వేషం కాదు, గౌరవం. 1988 సియోల్ ఒలింపిక్స్ పడవ పందేలు పుసాన్‌లో జరిగాయి. ఒక పందెంలో రెండవ స్థానంలో ఉన్న కెనడావాసి లారెన్స్ లెమ్యూ, వేరే పందెంలోని ఇద్దరు సింగపూరు నావికులు పెనుగాలికి నీళ్ళపాలై ఉండడం చూసి, తన పందెం వదిలి వెళ్ళి వారిని రక్షించాడు. గీత చేరేసరికి 22వ వాడైనాడు. నిర్ణేతలు ఆలోచించి, అతనికి ఆ పందెంలో రెండవ స్థానమే ఇచ్చారు. తన తప్పు లేకుండా నష్టపోయినవాడికి న్యాయం చేయడం ఈ ఆట నియమాల్లోనే ఉన్నది. అంతటి ఆటలో ఒక పిల్ల తన తప్పు లేకుండా, కేవలం నోట మాట రాక, ఓడిపోవచ్చునా?

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. నేర్పేటప్పుడు ముందు తెలుగులో అర్థం చెప్పండి, తరువాత ఇంగ్లీషు పేరు పెట్టండి. విచారణలో పిల్లను ఏ భాషలో చెప్పగలదో ఆ భాషలో చెప్పనివ్వండి. హిందీ, ఉర్దూ మాట్లాడే పిల్లలకూ ఇదే న్యాయం. గోడమీద ఒక కాగితం అంటించండి. ముసాయిదా నేనే ఇస్తున్నాను, రుసుము లేదు:

గాలి కుడిపక్క తగిలే పడవకు గాలి ఎడమపక్క తగిలే పడవ దారి ఇవ్వాలి.
ఇద్దరికీ గాలి ఒకే పక్క తగులుతూ పక్కపక్కన సాగుతుంటే, గాలికి ఎగువన ఉన్నది దిగువదానికి తప్పుకోవాలి.
ముందువెనుకలుగా ఉంటే వెనుకది తప్పుకోవాలి.
హక్కు ఎవరిదైనా, ఢీకొనకుండా చూసుకోవడం ఇద్దరి బాధ్యత.
ఆపదలో ఉన్నవారికి చేతనైన సాయం చేయాలి. అది పందెం కన్నా ముందు.

ఎగువ, దిగువ అన్నమాటలు కాలువ నీరు పారించే ప్రతి రైతుకూ తెలుసు. ఇందులో ఏ పిల్లకు అర్థం కాని ముక్క ఏదో చూపిస్తే దిద్దుకొంటాను.

ఆ పిల్ల మళ్ళీ ఆదివారం పందెానికి వెళుతున్నది. దానికి ఓటమి పట్టలేదు, గాలి పట్టింది. నేనూ వెళతాను. ఇది తెలుగు క్లాసు కాదన్న పెద్దమనిషి కనబడితే నమస్కరించి ఒక్కమాట అంటాను: "అయ్యా, కాదు, నిజమే. ఇది న్యాయం చెప్పే చోటు. అందుకే తెలుగు అడుగుతున్నాను."

స్వస్తి.