జహీరాబాద్ గీత ఎవరు గీశారు?

శాసనసభ ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ మన సమాజంలో ఒకే తంతు నడుస్తుంది. ఓట్లు ఎక్కడ చీలాయి, ఎవరు ఎవరికి అమ్ముడుపోయారు, ఏ పార్టీ టికెట్టు ఇస్తానని మొండిచేయి చూపింది అని నెల రోజులు హోటళ్లలోను, మస్జిదు వరండాలలోను వాదులాడుకొంటాము. ఆ పిమ్మట మరచిపోతాము. 2023 డిసెంబరులోనూ ఇదే జరిగింది. తెలంగాణ శాసనసభకు ఎన్నికైన 119 మందిలో ముస్లింలు ఏడుగురు. ఏడుగురూ ఒకే పార్టీవారు, ఏడుగురూ హైదరాబాదు జిల్లా నుండి గెలిచినవారు. 2011 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో మనము నూటికి 12.7 మందిమి. నిజామాబాద్ అర్బన్‌లో ఎందుకు ఓడాము, బోధన్‌లో ఎందుకు ఓడాము, జూబ్లీహిల్స్‌లో ఎందుకు ఓడాము అన్న చర్చ బాగానే సాగింది. జహీరాబాద్ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఓడిపోవటానికైనా అక్కడ మన అభ్యర్థి ఉండాలి గదా!

జహీరాబాద్ సంగతి ఈ తరానికి తెలియదు గనుక కొంత చెప్పక తప్పదు. కర్ణాటకలోని బీదర్‌కు ఆనుకొని ఉన్న ఈ నియోజకవర్గం నాటి మెదక్ జిల్లాలోనిది, నేడు సంగారెడ్డి జిల్లాలోనిది. జహీరాబాద్ పట్టణంలోను, కోహీర్ వంటి పాత కసబాలలోను ముస్లిం కుటుంబాలు తరతరాలుగా గణనీయమైన సంఖ్యలో ఉన్నాయి. 1999లోను, 2004లోను ఇక్కడి నుండి మర్హూం మహమ్మద్ ఫరీదుద్దీన్ కాంగ్రెసు పక్షాన గెలిచారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో మైనారిటీ సంక్షేమ శాఖను నిర్వహించారు. ఆయన పాలన ఎటువంటిదన్న విమర్శ వేరే సంగతి. రాజధాని పాతబస్తీకి బయట, ఒక గ్రామీణ నియోజకవర్గంలో, అన్ని కులాల ఓట్లతో ఒక ముస్లిం రెండుసార్లు గెలిచాడన్నది మనము గుర్తుంచుకోవలసిన విషయం.

తరువాత ఆయన ఓడిపోలేదు. ఆయన కాళ్ల కింది నియోజకవర్గమే మారిపోయింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన పునర్విభజన కమిషన్ 2001 జనగణన ఆధారంగా గీసిన కొత్త పటం 2008లో అమలులోకి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 294 స్థానాలలో షెడ్యూల్డు కులాలకు 39 ఉండేవి 48 అయ్యాయి. మెదక్ జిల్లాలో అంతవరకు ఎస్సీ రిజర్వుడుగా ఉన్న గజ్వేల్ జనరల్ అయింది. జనరల్‌గా ఉన్న జహీరాబాద్ ఎస్సీ రిజర్వుడు అయింది. గజ్వేల్ ఎమ్మెల్యేగా ఉన్న గీతారెడ్డిగారు 2009లో జహీరాబాద్ వచ్చి గెలిచారు. ఫరీదుద్దీన్‌గారిని పార్టీ హైదరాబాదు అంబర్‌పేటకు పంపింది, అక్కడ ఆయన ఓడారు. తెరచుకొన్న గజ్వేల్ నుండి 2014లో కె. చంద్రశేఖరరావు గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. ఒకే జిల్లాలో ఒక తలుపు తెరచుకొంది, ఒకటి మూతపడింది. మూతపడిన తలుపు ఎవరిదో చూడండి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. "మన సీటు వాళ్లకు పోయింది" అని దళితుల మీద నిష్ఠూరమాడే పెద్దలు మనలో ఉన్నారు. ఆ మాటను మేము ఖండిస్తున్నాము. చట్టసభలలో రిజర్వేషన్ దళితులకు ఎవరో దయతలచి ఇచ్చినది కాదు, అంబేద్కర్ మొదలుకొని ఎందరో పోరాడి సాధించుకొన్న హక్కు. జహీరాబాద్‌లో దళిత జనాభా తక్కువేమీ కాదు. మన పేచీ రిజర్వేషన్‌తో కాదు. ఎన్ని స్థానాలు అన్నది జనాభాను బట్టి తేలుతుంది. ఏ స్థానం అన్నది మాత్రం గీత గీసిన చేతిని బట్టి తేలుతుంది. మనము అడుగవలసినది ఆ చేతిని.

2002 నాటి పునర్విభజన చట్టం తొమ్మిదవ సెక్షన్ చదివితే విషయం బోధపడుతుంది. ఎస్టీ స్థానాలు వీలైనంతవరకు ఆ జనాభా నిష్పత్తి అత్యధికంగా ఉన్న చోట ఉండాలని చట్టం చెప్పింది. ఎస్సీ స్థానాల విషయంలో ఆ కచ్చితత్వం లేదు. రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాలకు పంచాలి, వీలైనంతవరకు వారి నిష్పత్తి సాపేక్షంగా ఎక్కువగా ఉన్న చోట పెట్టాలి అని మాత్రమే ఉంది. "వీలైనంతవరకు" అన్న మాటలో ఎంత చోటు ఉంటుందో ఆఫీసులో ఫైలు మోసినవారెవరికైనా తెలుసు. ఒక మండలాన్ని ఇటు కలిపితే నిష్పత్తి పెరుగుతుంది, అటు కలిపితే తగ్గుతుంది. దానితో వరుసక్రమం మారుతుంది, వరుసక్రమంతో పాటు రిజర్వేషన్ మారుతుంది.

ఇది మన ఊహ కాదు. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలలో ఎస్సీలకు రిజర్వు చేసిన నియోజకవర్గాలలో ముస్లిం జనాభా ఎక్కువగా ఉంటున్నదని, పునర్విభజనకు మరింత హేతుబద్ధమైన పద్ధతి కావాలని 2006లో సచార్ కమిటీయే ప్రభుత్వానికి నివేదించింది. 2023లో అస్సాంలో జరిగిన పునర్విభజనలో బార్పేట ఎస్సీలకు, గోల్పారా వెస్ట్ ఎస్టీలకు వెళ్లాయి. ఆ ప్రాంతాలలో ఎవరు నివసిస్తారో వేరే చెప్పనక్కరలేదు.

రిజర్వు అయిన చోట ముస్లిం ఎందుకు నిలబడరాదన్నది రెండవ ముడి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. పాకీ పని చేసే ముస్లిం బిడ్డ నేటికీ ఆ గీతకు అవతలే ఉన్నాడు. ఆ పేరా తొలగించాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. సిఫారసు బీరువాలో ఉంది.

"ముస్లింకు ముస్లిం ఎమ్మెల్యేయే కావాలా? పనిచేసేవాడు చాలదా?" అని అడిగే మేధావులున్నారు. చాలును. జహీరాబాద్ ముస్లింలు 2009, 2014, 2018, 2023 ఎన్నికలలో అలాగే ఓటు వేశారు, ఇకముందు కూడా వేస్తారు. కానీ ఓటు వేసే హక్కు ఒకటి, నిలబడే హక్కు మరొకటి. 2009లో తొలి ఓటు వేసిన పద్దెనిమిదేళ్ల ముస్లిం యువకునికి 2023 నాటికి ముప్పై రెండేళ్లు. సొంత ఊరి నుండి శాసనసభకు నామినేషన్ వేసే అవకాశం అతనికి ఒక్కసారీ రాలేదు. గ్రామపంచాయతీలలో సర్పంచు రిజర్వేషన్ కొంతకాలానికి చేతులు మారుతుంది. శాసనసభ స్థానానికి ఆ మార్పు లేదు, మళ్లీ పునర్విభజన జరిగేవరకు అంతే. ఎస్సీ స్థానాలకూ వంతుల పద్ధతి ఉండాలని అడిగితే దళితుల స్థానాల సంఖ్య ఒక్కటి కూడా తగ్గదు. పార్టీలు ఈ మాట ఎత్తవు. వాటికి ఒక నామినేటెడ్ పదవి, ఒక ఇఫ్తార్ విందు సులువు.

ఇప్పుడు తొందర ఎందుకంటే, 2026 తరువాత జరిగే తొలి జనగణన లెక్కలు వెలువడేవరకే శాసనసభ స్థానాల సంఖ్య స్తంభించి ఉంటుంది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకొని జనగణన ప్రకటించారు. విభజన చట్టం 26వ సెక్షన్ తెలంగాణకు 119 బదులు 153, ఆంధ్రప్రదేశ్‌కు 175 బదులు 225 స్థానాలు రాసిపెట్టింది. ఇప్పుడే చేయించమని వేసిన పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది గాని, ఆ సెక్షన్ చట్టంలోనే ఉంది. మళ్లీ పటం గీసే రోజు వస్తుంది. ఒకసారి గీశాక కమిషన్ ఉత్తర్వుకు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. మరీ అన్యాయంగా ఉంటే పరిశీలించవచ్చునని సుప్రీంకోర్టు 2024లో అన్నది కాని, ఆ దారి నమ్ముకొని కూర్చోరాదు.

కమిషన్ 2002 చట్టం ప్రకారం ముసాయిదాను గెజిట్‌లోను, రెండు ప్రాంతీయ భాషా పత్రికలలోను ప్రకటించాలి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి, బహిరంగ విచారణ జరపాలి. అభ్యంతరం అంటే మన అంజుమన్లు ఇంతవరకు పంపుతూ వచ్చిన నాలుగు పేజీల ఆవేదన కాదు. అటువంటి అర్జీ ఏమవుతుందో మాలో బల్ల అవతల పనిచేసినవారికి తెలుసు, వచ్చినట్లు ముద్ర పడుతుంది, కట్టలో చేరుతుంది. కావలసినది గ్రామాల పేర్లు, జనగణన పట్టిక, ఏ మండలం ఎటు చేరితే ఎస్సీ నిష్పత్తి ఎంత, ముస్లిం నిష్పత్తి ఎంత, ప్రత్యామ్నాయ స్థానం ఏది అన్న లెక్క. దానితో పాటు ఆ ప్రత్యామ్నాయాన్ని అంగీకరించే స్థానిక దళిత సంఘాల సంతకాలు. ఆ సంతకాలు లేకపోతే అర్జీ బలహీనపడుతుంది, మన మాట కూడా అబద్ధమవుతుంది. ముందుగా వారితో కూర్చోవాలి.

గణకుడు ఇంటికి వచ్చిన రోజున ఇంట్లో ఉన్న ప్రతి ప్రాణినీ, దుబాయిలో ఉన్న కొడుకు సంగతితో సహా, అడిగినదానికి సరిగా చెప్పి రాయించటం దీనికి మొదటి మెట్టు. కోహీర్‌లోనైనా, కదిరిలోనైనా మస్జిదు కమిటీలు ఒక నోటు పుస్తకం తెరచి వీధుల వారీగా ఇళ్ల జాబితా రాయటానికి కమిషన్ నోటిఫికేషన్ అక్కరలేదు. వచ్చే జుమా నమాజు తరువాత ఇద్దరు చదువుకొన్న పిల్లలను కూర్చోబెడితే చాలును.