కప్పట్రాళ్ల అడవికి విలువ కట్టేదెవరు?

2024 నవంబరులో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల, చుట్టుపక్కల పల్లెల జనం రోడ్డెక్కారు. ఆదోని అటవీ రేంజి పరిధిలోని కప్పట్రాళ్ల రిజర్వు ఫారెస్టులో యురేనియం జాడ తెలుసుకోవడానికి 68 బోర్లు వేసుకోవచ్చని కేంద్రం ఇచ్చిన అనుమతే అందుకు కారణం. ఫ్యాక్షన్ హత్యలతో పేపర్లకెక్కిన ఊరు ఈసారి అడవి కోసం నిలబడింది. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల బోరు నీళ్ల గురించి కడప రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్న సంగతి వాళ్లకు తెలుసు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసిన సంగతీ తెలుసు. చివరికి కప్పట్రాళ్లలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

అయితే ఈ గెలుపు నిలిచేది కాదని నా భయం. ఆ అడవి కింద ఏముందో లెక్కగట్టే శాఖలు ఉన్నాయి. పైన ఏముందో, దానివల్ల ఎవరు బతుకుతున్నారో లెక్కగట్టిన కాగితం ఒక్కటీ ఏ టేబుల్ మీదా కనిపించదు. విలువ రాయని ఆస్తిని అడగడం ఎవరికైనా సులువే. ఇంకో ప్రభుత్వం వస్తుంది, ఇంకో ఫైలు కదులుతుంది.

కర్నూలు పడమటి సీమలో అడవి అంటే నల్లమల లాంటి దట్టమైన అడవి కాదు. తుప్పలు, ముళ్ల కంపలు, గుండ్ల మధ్య సీతాఫలం చెట్లు. గొర్లకు మేత అక్కడే. కురిసిన కాసిన్ని వానలు ఇంకి కింది బావులకు చేరేదీ అక్కడినుంచే. కరువు సీమలో ఇంతకంటే పెద్ద పెట్టుబడి ఏముంటుంది?

ఇక్కడి మనిషికి నేలలో వెతుక్కోవడం కొత్త కాదు. తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి పొలాలు మనుషులతో నిండిపోతాయి. అనంతపురం, బళ్లారి వైపు నుంచి కూడా కుటుంబాలు సద్దిమూటలతో దిగుతాయి. వంగిన నడుము ఎత్తకుండా చాళ్ల వెంట నడుస్తారు, తడిసిన మట్టిలో మెరిసే రాయి కోసం. రాత్రికి గుడి అరుగు మీదో, చెట్టు కిందో పడక. దొరికినవాడికి ఎంతివ్వాలో వ్యాపారి చెప్పిందే ధర. తరతరాలుగా ఇంతమంది ఏటా వచ్చే చోట తాగే నీళ్లు, మరుగుదొడ్డి, ఒక షెడ్డు కట్టించాలని ఎవరికీ తోచకపోవడం నాకు బాధగా ఉంది. ఈ సీమను చూడటానికి ఎవరొస్తారని అడిగేవాళ్లు జూన్‌లో ఒకసారి అక్కడికి వెళ్లి చూడాలి. అక్కడికి కొద్ది దూరంలోనే ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. వజ్రాల కోసం వచ్చినవాళ్లలో వాటిని చూసి వెళ్లేవాళ్లు ఎందరు? దారి చూపే మనిషి లేనప్పుడు వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

ఆదోని సంగతీ అంతే. విజయనగర రాజులు, బిజాపూర్ సుల్తానులు, బసాలత్ జంగ్, టిప్పు సుల్తాన్ ఒకరి తర్వాత ఒకరు కోరుకున్న కోట ఇది. బారాకిల్లా ఎక్కి చూస్తే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు కనుచూపు మేర కనిపిస్తాయి. శ్రావణమాసంలో రణమండల ఆంజనేయస్వామి మెట్లు భక్తులతో కిటకిటలాడతాయి. ఆ నెల దాటితే కొండ ఎవరికీ పట్టదు. బళ్లారి దాటి హంపికి పోతే ఇలాంటి గుండ్లే ఎక్కడానికి దేశదేశాల కుర్రకారు వస్తారు. అక్కడి తప్పులు కూడా మనం చూడాలి. అడ్డూ అదుపూ లేకుండా లాడ్జీలు లేచిన విరుపాపుర గడ్డిలో 2020లో సుప్రీంకోర్టు తీర్పుతో కట్టడాలన్నీ కూల్చారు. ముందే హద్దు గీయకపోతే పర్యాటకం కూడా గనిలాగే ఊరిని మింగుతుంది.

ఇంకా దగ్గరి పాఠం సండూరు. 1949లో ఆ సంస్థానం బళ్లారి జిల్లాలో కలిసింది, ఆదోని కూడా అప్పుడు అదే జిల్లా. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, సండూరు బళ్లారితోనే మిగిలింది. నాలుగేళ్లపాటు మనదీ వాళ్లదీ ఒకే కలెక్టరేట్. సండూరు కొండల నిండా మాంగనీసు, ఇనుము. 2000 తర్వాత చైనా కొనుగోళ్లతో ఖనిజం ధర పెరిగి, లారీల దుమ్ముకు చెట్ల ఆకులు ఎర్రబడ్డాయి. 2011లో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపేసేదాకా రాష్ట్రాల సరిహద్దు రాళ్లు కూడా నిలవలేదు. ఇన్ని దెబ్బలు తిన్నాక కూడా అక్కడ మిగిలిన పచ్చటి కొండలకు, కుమారస్వామి గుడికి, నారిహళ్ల జలాశయానికి వానాకాలంలో బెంగళూరు నుంచి నడక బృందాలు వస్తున్నాయి. లంబాడీ ఆడవాళ్ల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. గని ఉన్న ఊరికి గని ఒక్కటే బతుకుతెరువు కానక్కరలేదు.

గని వస్తే పని దొరుకుతుంది కదా అనే మాటను నేను కొట్టిపారేయను. కోసిగి, ఆదోని, దేవనకొండ పల్లెల నుంచి ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు మిరపకోతలకు సుగ్గికి పోయేవాళ్లకు ఊళ్లో కూలి దొరకడం చిన్న విషయం కాదు. కానీ నేటి గనిలో మట్టి తీసేది యంత్రం. పల్లెకు దక్కేవి కావలి ఉద్యోగాలు, లారీ క్లీనర్ పనులు. కోట కొండ దారి చూపే మనిషి, నాలుగు గదుల బస, రాగిసంగటి పెట్టే ఇల్లు కూడా వలసను పూర్తిగా ఆపలేవు. అయినా ఆ పని ఊళ్లోనే ఉంటుంది, అడవి కూడా మిగులుతుంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు కరువుకు అది పూర్తి జవాబు కాదు. అయినా వేల మగ్గాలు ఆడాయి.

కాబట్టి అడుగుతున్నది ఇది. జొన్నగిరి బంగారు గనికి లీజు ఇచ్చారు, అది నడిచినంతకాలం జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు డబ్బు జమ అవుతుంది. ఆ డబ్బు కర్నూలులో రోడ్లకూ భవనాలకూ పోకుండా ముందు గని పక్క ఊళ్ల గ్రామసభలు చెప్పిన పనులకు పోవాలి. ఎర్రగుడికి దారి, వజ్రాల పొలాల దగ్గర నీళ్లు, ఆదోని కోటకు స్థానిక గైడ్లు. కప్పట్రాళ్ల అడవిని వన సంరక్షణ సమితితో కలిసి సర్వే చేసి మేత ఎంత, నీరు ఎంత, ఏ జంతువులు, ఏ మొక్కలు అన్నది రికార్డుకెక్కించాలి. ఈసారి ఎవరైనా బోరు వేస్తామని ఢిల్లీలో దరఖాస్తు పెడితే, ఆ రికార్డు కూడా అదే ఫైల్లో ఉండాలి.