మృగము లేని వేట

గడచిన కనుమ దినమున రేణిగుంట నుండి మా కుటుంబమంతయు తిరుమలకు వెళ్ళితిమి. తల్లిదండ్రులతో అమెరికా నుండి వచ్చిన మా దౌహిత్రుడు, ఏడేండ్ల బాలుడు, వెంట నుండెను. ఆనాడు పార్వేట ఉత్సవము. శ్రీ మలయప్పస్వామివారు పాపవినాశనము మార్గమునందలి పార్వేట మండపమునకు వేంచేయగా, అర్చకస్వాములు స్వామి పక్షమున కొంతదూరము పరుగెత్తి ఈటెను విసరిరి. ఇట్లు ముమ్మారు జరిగెను. బాలుడు తండ్రి భుజముపై కూర్చుండి రెప్ప వాల్పక చూచెను.

మొన్న మా కుమార్తె ఫోను చేసి యొక సంకటము చెప్పినది. అల్లునితో పనిచేయు సజ్జనుడొకడు ఏటేట శరత్కాలమున భార్యాబిడ్డలతో వయోమింగ్ రాష్ట్రమునకు ప్రాంగ్‌హార్న్ వేటకు పోవునట. ఈ యేడు మా బాలుని కూడ తీసికొని రండని స్నేహముతో ఆహ్వానించెను. తల్లిదండ్రులు వలదనిరి. అంతట బాలుడు, "మన స్వామి కూడా వేటకు వెళ్తాడు కదా! తాతయ్యతో వెళ్ళి చూశాను. మరి నేనెందుకు వెళ్ళకూడదు?" అని అడిగెను. ఉత్తరము తోచక వారు నన్నడిగిరి. అన్యదేశములలో బిడ్డలను పెంచుచున్న ఆస్తికులెందరికో ఇట్టి ప్రశ్న ఎదురగును గావున, నాకు తోచిన సమాధానమును ఇచట నివేదించుచున్నాను.

పూర్వపక్షమును న్యాయముగా చెప్పిన పిదపనే సిద్ధాంతమును చెప్పుట మన శాస్త్రమర్యాద. ప్రాంగ్‌హార్న్ చూచుటకు జింకవలె నున్నను మన కృష్ణజింకకు జ్ఞాతి కాదు. ప్రత్యేక వంశమునకు చెందిన మృగము. గంటకు 80 కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగెత్తగలదు. పూర్వము విచ్చలవిడి వేటచే అంతరించిపోవు స్థితికి వచ్చి, తరువాత నియమిత కాలము, నియమిత సంఖ్య అను కట్టుబాట్లచే మరల వృద్ధి చెందినది. వన్యమృగ రక్షణకు వలయు ధనములో గొప్ప భాగము అచట వేటగాండ్ర లైసెన్సు రుసుముల నుండియు, 1937 నాటి చట్టము ననుసరించి తుపాకులు, తూటాలపై గైకొను పన్ను నుండియు సమకూరుచున్నది. ఆ కుటుంబము చంపిన మృగమును వృథా చేయక భుజించును. "ప్రాణి మరణమును కన్నులార చూచి తినువాడు, దుకాణములో పొట్లము కొని తినువానికంటె సత్యవంతుడు కాడా?" అని వారడిగినచో మనము తలవంచవలసినదే. పశువులను పూజించు కనుమనాడే మన ప్రాంతమున ఎన్ని యిండ్లలో మాంసము వండరు? మేము శాకాహారులము, అయినను ఆనాడు ఉత్సవము చూచి వచ్చి తొడుగుకొన్నవి తోలు చెప్పులే. హింసను చూడకుండుట అహింస కాదు. ఇంతవరకు పూర్వపక్షము బలమైనదని అంగీకరించుచున్నాను.

ఇక సిద్ధాంతము. రాజులకు మృగయ నిషిద్ధము కాదు. అయినను మనుస్మృతి కామజములైన పది వ్యసనములను లెక్కించుచు మృగయను మొట్టమొదట పేర్కొన్నది. అనుమతించిన కర్మనే వ్యసనమని ఏల చెప్పవలెను? అవసరము తీరినంతనే కర్మ ముగియును. దానియందలి రుచి మాత్రము చిత్తమున మిగిలిపోవును. ఆ రుచి యెచటికి కొనిపోవునో మన ఇతిహాసములు మూడు వేటలలో చూపినవి.

దశరథుడు శబ్దవేధి విద్యపై మోజుతో సరయూతీరమున చీకటిలో బాణము విడిచి, జలపాత్ర నింపుచున్న మునికుమారుని చంపెను. తత్ఫలముగా తానును పుత్రవియోగముతో ప్రాణములు విడిచెను. పాండురాజు మృగరూపమున నున్న కిందమ మునిని సంగమకాలమున కొట్టెను. మృగమును వేటాడుట రాజధర్మమేయని పాండురాజు వాదింపగా, మృగమును కొట్టినందుకు గాదు, ఆ సమయమునైనను ఆగనందుకు నిందించుచున్నానని ముని పలికెను. ఆ శాపము ఫలించి పాండవులు బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. పరీక్షిత్తు వేటలో అలసి, దప్పికచే వివేకము కోల్పోయి, మౌనముద్రలో నున్న శమీకుని మెడలో మృతసర్పమును వేసెను. శపించినవాడు ఆ ముని కుమారుడు. తండ్రి మరణమునకు ప్రతీకారముగా సర్పయాగము తలపెట్టినవాడు రాజకుమారుడు. మూడు వేటలలోను బాణము లక్ష్యముతో ఆగలేదు. సంతానము వరకు పోయినది. ఇది యాదృచ్ఛికమని నేను తలపను.

శాపములు లేని ఈ కాలమున బాణము బిడ్డలను ఎట్లు చేరును? సంస్కారరూపమున చేరును. నేలకొరిగిన ప్రాణిని మొదటిసారి చూచిన ఏ శిశువుకైనను సహజముగా కలుగునది శోకము. ఆ క్షణమున పెద్దలు భుజము తట్టి, చప్పట్లు కొట్టి, కొమ్ములు పట్టించి ఛాయాచిత్రము తీసినచో, తన శోకము దౌర్బల్యమని ఆ పసివాడు నేర్చుకొనును. క్రౌంచపక్షి కూలినపుడు వాల్మీకి మహర్షికి కలిగినదియు శోకమే. ఆ శోకమే శ్లోకమై రామాయణమునకు బీజమైనది. అప్పుడు ప్రక్కనున్నవారు చప్పట్లు కొట్టి యుండినచో ఏమగునో యోచింపుడు. బాలుడు మృత్యువును చూచుట నాకు భయము కాదు. మృత్యువును వినోదముగా చూచుట నేర్చునని భయము.

"తిన్నడు వేటగాడే గదా, కన్నప్ప యయ్యెను గదా?" యని కొందరందురు. మా రేణిగుంటకు సమీపమున నున్న శ్రీకాళహస్తి కొండపై ఆ మహాభక్తుని ఆలయము కలదు. అతనిని కూడ తండ్రియే వేటకు పంపెను. పందిని తరుముచు వచ్చి స్వామిని చూచిన తిన్నడు మరల యింటికి పోలేదు; తల్లిదండ్రులు వచ్చి పిలిచినను కదలలేదు. తుదకు మృగములపై ప్రయోగించిన బాణముతోనే తన కన్ను పెకలించి యిచ్చెను. మాంసము తప్ప వేరొకటి యెరుగని హృదయము ఆ మాంసమునే నైవేద్యముగా తెచ్చినది. ఈశ్వరుడు ఆ హృదయమును స్వీకరించెను. వేటగానిని నీచముగా చూడరాదని ఆ చరిత్ర బోధించును. అన్నియు ఎరిగి, వినోదము కొరకు తుపాకి పట్టువానికి అందులో అనుజ్ఞ లేదు.

కావున ఆహ్వానించిన మిత్రుని నిందింపవలదని మావారికి చెప్పితిని. ప్రేమతో పిలిచినవానికి ప్రేమతోనే కాదని చెప్పవలెను.

బాలునికి ఏమి చెప్పవలెనో యోచించుచుండగా ధాత్వర్థము గుర్తునకు వచ్చెను. సంస్కృతమున ‘మృగ’ ధాతువునకు వెదకుట యని యర్థము. మృగయ యనగా మొదట అన్వేషణము. పార్వేట దుష్టశిక్షణకు సంకేతమని పెద్దలు చెప్పుదురు; అదియు సత్యమే. కాని ఆ యుత్సవమున ఈటె విసరుదురు, ఏ ప్రాణియు చావదు. స్వామి అడవికి వచ్చి మనలోని క్రౌర్యమును వెదకి కొట్టును. దారి తప్పిన జీవుని వెదకి తెచ్చుకొనును. అందుకే ఆ వేటకు పసిబిడ్డలను భుజములపై కొనిపోవుదుము.

ఫోనులో బాలునితో ఇంతే అంటిని: "స్వామి వేట వెతకడానికి, నాన్నా. చంపడానికి కాదు." వాడు కొంతసేపు మౌనముగా నుండి, "అయితే ఆ జింకను దూరం నుంచి చూడటానికి వెళ్ళవచ్చా తాతయ్యా?" అని అడిగెను. తప్పక వెళ్ళుమంటిని.

సర్వం శ్రీవేంకటేశ్వరార్పణమస్తు.