బల్లమీద తెల్లమచ్చ

మొన్న సంక్రాంతికి చుట్టాలు వచ్చినప్పుడు, మా నాన్నగారి వ్రాతబల్లమీద ఎవరో పొగలు క్రక్కే కాఫీ గ్లాసు పెట్టారు. తీసేసరికి చక్రంలాగా తెల్లని మచ్చ! ఇక్కడి వడ్రంగి వచ్చి చూసి, ఇళైప్పుళి పట్టాలన్నాడు. మన చిత్రికే అది. బల్లంతా చిత్రిక పట్టి కొత్త పాలిష్ వేస్తాడట. మేము వద్దన్నాము. యేళ్లమీద పండిన ఆ టేకు రంగు చిత్రికతో పోతే మళ్లీ రాదు.

తెల్లమచ్చ పాలిష్‌లో వుంటుంది, నల్లమచ్చ కొయ్యలో వుంటుంది. ఇది తెలిస్తే సగం బెంగ తీరుతుంది. పాతకాలపు సామానుకు వేసేది ఫ్రెంచి పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డతో పూతమీద పూత పట్టిస్తారు. వేడి తగిలితే ఆ పూత మెత్తబడుతుంది, తడి అందులో చిక్కుకొని తెల్లగా కనబడుతుంది. కొయ్యకేమీ కాలేదన్నమాట. నీళ్లు పూత దాటి కొయ్యను పట్టినచోట, ముఖ్యంగా తడిసిన యినుపసామాను వుంచినచోట, నల్లబడుతుంది. దానికి మాత్రం వడ్రంగే దిక్కు.

ముందు రెండు రోజులు బల్లను గాలికి వదిలేశాము. మచ్చ కొంత తగ్గింది. ఆపైన చిటికెడు విభూతిని జల్లించి (మా అత్తగారు ముందు ఒప్పుకోలేదు, చివరకు తామే తెచ్చి యిచ్చారు) నాలుగు చుక్కల కొబ్బరినూనెలో కలిపి, పాత పంచెగుడ్డతో కొయ్య చార వెంబడే రుద్దాము. గట్టిగా కాదు సుమండీ! బూడిద పైపొరను సన్నగా అరగదీస్తుంది. నూనె వల్ల గీతలు పడవు. కాసేపు రుద్దడం, తుడిచి చూడడం. మూడోమారుకు చక్రం మాయమైంది. మెరుపు తగ్గినచోట తేనెమైనం పట్టించాము.

స్పిరిట్‌తో తుడవబోకండి, లక్క కరిగి గుడ్డకు వచ్చేస్తుంది. అయితే మీ బల్లది లక్కపూతో కాదో తేల్చేది ఆ స్పిరిట్టే. బల్ల అడుగున, కనబడనిచోట, ఒక చుక్క అంటించి చూడండి. కాసేపట్లో జిగురుగా మారితే లక్క. ఈనాటి మెలమైన్, పాలీయురితేన్ పూతలు చుక్కకు చలించవు. వాటిమీద బూడిద రుద్దితే ఉన్న మెరుపు కాస్తా పోతుంది.

మా బల్లకు కుడివైపు మూలన సిరామరక ఒకటి వుంది. నాన్నగారు పద్దులు వ్రాసుకొనేటప్పుడు బుడ్డి ఒలికి పడినది. వడ్రంగి దాన్నీ తీసేస్తానన్నాడు. మేము అటువైపు గుడ్డ పోనివ్వలేదు.