కలుపు పేరేమిటి?

నిరుడు ఖరీఫ్‌లో మా బంధువు ఒకాయన మొక్కజొన్న చేలో అట్రాజిన్ రెండుసార్లు కొట్టించాడు. విత్తిన మర్నాడు ఒకసారి, కలుపు లేచాక మరోసారి. దుకాణంలో ఆయన అడిగింది "గడ్డి మందు". పది రోజులకి వెడల్పాకు మొక్కలు మాడాయి గానీ, సాళ్ల మధ్య పచ్చటి పోచలు నిటారుగా నిలబడే ఉన్నాయి. మందు కల్తీదని ఆయన కోపం. పక్క చేలో కలుపు తీస్తున్న పెద్దావిడ గట్టు మీదికొచ్చి ఒక పోచ పీకి చూపించింది. "ఇది గడ్డి కాదయ్యా, తుంగ. దీని ప్రాణం కింద గడ్డలో ఉంటది."

మందులో లోపం లేదు. అది తుంగ మీద పనిచేసే మందే కాదు.

కలుపుని గడ్డి జాతి, తుంగ జాతి, వెడల్పాకు జాతి అని మూడుగా విడదీస్తారు. పోల్చుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. కాండాన్ని రెండు వేళ్ల మధ్య దొర్లించండి. గడ్డి కాండం గుండ్రంగా దొర్లుతుంది, కణుపులుంటాయి. తుంగ కాండం మూడు పలకలుగా వేలికి తగులుతుంది, కణుపు ఉండదు. వెడల్పాకుల్లో సాధారణంగా ఈనెలు వలలా అల్లుకుని ఉంటాయి. మందులు కూడా చాలావరకు ఈ తేడాని బట్టే పనిచేస్తాయి. 2,4-డి వెడల్పాకుల మందు, గడ్డి జాతి కలుపైన ఊదని అది ఏమీ చేయలేదు. పత్తి కూడా వెడల్పాకు మొక్కే కాబట్టి, పక్క పొలంలో కొట్టిన 2,4-డి గాలికి తేలివస్తే పత్తి ఆకులు సన్నబడి వేళ్లలా చీలిపోతాయి. క్విజాలోఫాప్ గడ్డి జాతిని చంపి, వెడల్పాకు గలిజేరుని వదిలేస్తుంది. మొక్కజొన్నలో తుంగకి హాలోసల్ఫ్యూరాన్ అని వేరే మందు ఉంది.

తుంగ సంగతి ఇంకాస్త చెప్పాలి. దాని గడ్డలు నేల కింద గొలుసులా ఒకదానికొకటి కట్టుకుని ఉంటాయి. గొలుసు తెగనంత కాలం కొసనున్న గడ్డ మొలుస్తుంది, వెనకవి చాలావరకు నిద్రలో ఉంటాయి. గుంటక తోలో, రోటవేటర్ తిప్పో గొలుసు తెంపామంటే నిద్రపోతున్నవన్నీ లేస్తాయి. మొన్న ఒకచోట పది పోచలుంటే, దున్నాక అక్కడే యాభై కనిపించేది అందుకే. గరికా అంతే, ముక్కముక్కా వేరు పోసుకుంటుంది. ఏటా గింజ నుంచి మొలిచే కలుపుకి మంచి మందైన అంతరకృషి, ఈ రెండింటికీ విత్తనం చల్లినట్టవుతుంది. వీటికి మే నెల ఎండే సరైన మందు. లోతుగా దున్ని, గడ్డలూ వేళ్లూ పైకి తీసి, ఎండబెట్టి ఏరేయాలి.

వరిలో ఊద కళ్లను మోసం చేస్తుంది. నారుమడిలో వరితో కలిసి పెరిగి, నాటు కట్టలతోనే పొలంలోకి వస్తుంది. వెన్ను వేశాక అందరూ గుర్తుపడతారు, అప్పటికి ఆలస్యమైపోతుంది. ఆకు కాండాన్ని తాకే చోట చూడండి. వరికి అక్కడ పలుచని పొర, నూగున్న చిన్న చెవులు ఉంటాయి. ఊదకి ఆ చోటు నున్నగా, బోసిగా ఉంటుంది. రెండు మూడు ఆకుల వయసులో ఈ తేడా పట్టుకుంటేనే ఊదకి కొట్టే బిస్పైరిబాక్ మందు ఖర్చుకి ఫలితం ఉంటుంది.

కృష్ణా డెల్టాలో వరి మాగాణి మినుముని అల్లుకునే బంగారుతీగ ఈ మూడు జాతుల లెక్కలోకి రాదు. ఆకులేదు, పైరుని పట్టుకున్నాక వేరూ ఉండదు. పైరు రసంతోనే బతుకుతుంది. ఎక్కువగా మినుము విత్తనంతోనే పొలంలోకి చేరుతుంది. దాని గింజ మినుము కంటే చిన్నది కాబట్టి, విత్తే ముందు జల్లెడ పట్టడం ఎన్ని లీటర్ల మందుకైనా మేలు.

ఇవన్నీ కలుపుకి వెళ్లే ఆడవాళ్లకి పేర్లతో సహా తెలుసు. ఏది కూరకి పనికొస్తుందో, ఏది పశువుకి వేయొచ్చో, ఏది వేరుతో రాకపోతే మళ్లీ మొలుస్తుందో చెప్పగలరు. తెలంగాణలో గునుగుని చేలో కలుపని పీకేదీ, బతుకమ్మకి ఏరి తెచ్చేదీ ఆ చేతులే. కూలి దొరకడం లేదని, రేట్లు పెరిగాయని రైతు మందుకి మారుతున్నాడు. అతన్ని తప్పుపట్టలేను. కానీ కలుపుని ఎరిగిన మనిషి చేలో ఉంది, కలుపు మందు కొనే మనిషి దుకాణంలో ఉన్నాడు, ఇద్దరి మధ్యా మాట లేదు. రైతు శిక్షణలకి పిలిచేది ఎక్కువగా పట్టా ఉన్నవాళ్లనే. కలుపు గురించి శిక్షణ పెట్టే అధికారులు ముందుగా ఆ కూలీలను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాలి.

రైతు సోదరులకి ఒక్క విన్నపం. ఈసారి దుకాణానికి ఉత్తచేతులతో వెళ్లకండి. చేలో ఎక్కువగా ఉన్న కలుపుని వేరుతో, గడ్డతో పీకి, తడి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. దానికి ముందు, మీ చేలో కలుపు తీసే అమ్మని దాని పేరు అడగండి.