చలికాలం బోన్సాయ్‌ని హాల్లోకి తేవద్దు

అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉంటూ జూనిపర్, మేపుల్ బోన్సాయ్‌లు పెంచుతున్న మన తెలుగువాళ్లకు ఒక మాట. మంచు పడుతోందని జాలిపడి చెట్టును హీటర్ నడిచే గదిలో పెడుతున్నారు. ఆ జాలే దాన్ని చంపుతుందండీ! కాశ్మీర్ యాపిల్‌కి లాగే వీటికీ చలినిద్ర కావాలి.

అసలు భయం వేర్లకే. కొమ్మ ఓర్చుకున్నంత చలి వేరు ఓర్చుకోదు, పైగా కుండీలో ఉండేది గుప్పెడు మట్టి. అందుకే నేల గడ్డకట్టకముందే కుండీతో సహా పెరట్లో పాతేసి, పైన ఎండుటాకులు కప్పండి. గాలి కొట్టని చోటు చూడండి. ఎండ పడే గోడ వార మాత్రం వద్దు, ఆ వేడికి ముందే చిగురేసి తర్వాతి మంచుకి మాడుతుంది. మట్టి ఆరితే, గడ్డకట్టని రోజు చూసి నీళ్లు పోయండి.

మర్రి, జువ్వి బోన్సాయ్‌లు ఉంటే అవి మనలాంటివే, లోపలికి తెచ్చుకోండి.